నర్సుల చదువులో మందుల లెక్క



మన భాషలో మాత్ర యను పదమునకు గల అర్థములను ఒక్కసారి తలచుకొనుడు. మందుల దుకాణమున కొను బిళ్ళను మాత్ర యందుము. ఛందస్సులో లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అని కాలమును లెక్కింతుము. సంస్కృతమున ఈ పదమునకు మూలార్థము కొలత. మన పూర్వులు మందునకు కొలత యనియే పేరు పెట్టిరి. కొలత తప్పిన మందు మందు కాదను సంగతి ఆ పేరులోనే యిమిడి యున్నది.

ఆ కొలతను రోగి మంచమువద్ద కట్టకడపట సరిచూచునది నర్సు. వైద్యుడు చీటి వ్రాసి మఱియొక రోగికడకు పోవును. మందులవాడు బుడ్డి నిచ్చి తన పని తీర్చుకొనును. చీటిలోని అంకెను, బుడ్డిమీది అంకెను కలిపి చదివి, సిరంజిలో ఏ గీతవఱకు మందు తీయవలెనో నిర్ణయించునది ఆమె. ఆమె ఆ లెక్కను ఎట్లు నేర్చుకొనుచున్నది, దానిని నేర్పుటకు ఈ కాలమున వచ్చిన పద్ధతి యెట్టిది, అందులో మన యిండ్లవారు చేయదగినది యేమి అను మూడు సంగతులను ఈ పూట మీకు మనవి చేసెదను.

నేను ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. నేను చదివినది తెలుగు, సంస్కృతము. లెక్కల ఉపాధ్యాయుడు లేని యేండ్లలో లెక్కలును చెప్పితిని. మా వీధి ఆడపిల్లలు కొందఱు నర్సింగు చదువుచు, సెలవులకు వచ్చినపుడు తమ లెక్కల పుస్తకములతో నాకడకు వచ్చుచుందురు. వారివలననే ఈ విషయము నాకు పరిచితమైనది.

ఆ పుస్తకములు తెఱచి చూడగా అందున్నది మనకు చిరపరిచితమైన త్రైరాశికమే. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు దానిని చెప్పెను. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో విస్తరించెను. మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును మన పావులూరి మల్లన తెలుగు పద్యములలో పెట్టెను. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ అని మూడు రాశులు. ఇచ్ఛను ఫలముచేత గుణించి ప్రమాణముచేత భాగించినచో కావలసిన ఫలము వచ్చును. మీరు చేలకు పురుగుమందు కొట్టునపుడు చేయు లెక్కయు నిదియే. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మందు చొప్పున 16 లీటర్ల డబ్బాకు ఎంత యని యడిగిన, 32 అని కాగితము లేకయే చెప్పుదురు.

ఇప్పుడు నర్సు చేయు లెక్కను చూతము. జ్వరముతో నున్న బిడ్డ బరువు 10 కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారసిటమాల్ ఇమ్మని వైద్యుడు వ్రాసెననుకొందము. అనగా 150 మిల్లీగ్రాములు కావలెను. ఇది ఇచ్ఛ. సీసామీద 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు అని యున్నది. 125 ప్రమాణము, 5 ఫలము. నూటయేబదిని అయిదుచేత గుణించి నూటయిరువదియైదుచేత భాగించిన 6 మిల్లీలీటర్లు వచ్చును. ఇంతవఱకు ఐదవ తరగతి పిల్లవాడును చేయగలడు.

చిక్కు ఇచ్చటనే యున్నది. ఆ మందే మఱియొక సీసాలో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములుగా వచ్చును. దానిలో 3 మిల్లీలీటర్లు చాలును. పసిపిల్లల చుక్కలమందు బుడ్డిలో 1 మిల్లీలీటరునకే 100 మిల్లీగ్రాము లుండును. దానిలో ఒకటిన్నర మిల్లీలీటరు చాలును. మందు పేరొకటి, సీసాలు మూడు, కొలతలు మూడు. మొదటి సీసాకు కట్టిన 6 మిల్లీలీటర్ల లెక్కను చుక్కలమందునకు పెట్టినచో బిడ్డ కడుపులోనికి 600 మిల్లీగ్రాములు, అనగా కావలసినదానికి నాలుగు రెట్లు పోవును. అట్టి పొరపాటు మఱల మఱల జరిగినచో కాలేయము చెడును. గుణకార భాగహారములు తప్పు లేకుండ చేసినను ఫలితము తప్పినది. ఏలయనగా తప్పు జరిగినది లెక్కలో కాదు, సీసామీది అంకెను చదువుటలో. నేనీ యుదాహరణమును చెప్పినది నర్సుకు చీటి చదువుట ఎంత ముఖ్యమో తెలుపుటకే గాని, ఇంటిలో మీరే మందు లెక్కకట్టి యిచ్చుటకు కాదు.

ఇన్సులిన్ సంగతి మీలో చాలమందికి అనుభవమే. మన దేశమున బుడ్డీలలో వచ్చు ఇన్సులిన్ రెండు విధములు. ఒకదానిలో మిల్లీలీటరునకు 40 యూనిట్లు, మఱియొకదానిలో 100 యూనిట్లు. మొదటిదానికి ఎఱ్ఱమూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి. వైద్యుడు 20 యూనిట్లని వ్రాసెను. నూఱు యూనిట్ల బుడ్డినుండి ఎఱ్ఱమూత సిరంజితో 20 అను గీతవఱకు తీసినచో, లోనికి వచ్చునది అర మిల్లీలీటరు. అందుండునవి 50 యూనిట్లు, అనగా రెండున్నర రెట్లు. రోగి చెమటలు పట్టి స్పృహ తప్పును. వెంటనే చూచువారు లేనిచో ప్రాణమే పోవచ్చును. ఇచ్చట నర్సు చదువవలసినవి మూడు: చీటి, బుడ్డి, సిరంజి. మూడును ఒక్కమాట చెప్పుచున్నవో లేదో ఆమె చూచుకొనవలెను.

దశాంశబిందువువలన వచ్చు ప్రమాదము ఇంకను పెద్దది. బిందువు ఒక్క స్థానము జరిగినచో మందు పదిరెట్లగును, లేదా పదియవ వంతగును. అందుచేతనే అర మిల్లీగ్రామును వ్రాయునపుడు బిందువునకు ముందు సున్న తప్పక పెట్టవలెనని, అయిదు మిల్లీగ్రాములను వ్రాయునపుడు వెనుక బిందువు, సున్న పెట్టరాదని నర్సులకు కట్టడి. ముందు సున్న లేనిచో .5 అనునది 5గా కనబడును. వెనుక సున్న యున్నచో 5.0 అనునది 50గా కనబడును. చిన్న గుడ్డిచుక్క చేయు పని యిది.

సంపన్న దేశములలో గొప్ప ఆసుపత్రులలోను ఇట్టివి జరిగినవి. 2007లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున ఒక ప్రసిద్ధ సినిమానటుని కవల శిశువులకు, రక్తము గడ్డకట్టకుండ చేయు హెపారిన్ అను మందును మిల్లీలీటరునకు 10 యూనిట్లు గల బుడ్డికి బదులు 10,000 యూనిట్లు గల బుడ్డినుండి ఎక్కించిరి. వేయిరెట్లు! ఆ పిల్లలు దైవవశమున బ్రతికి బయటపడిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల పొరపాట్లను అరికట్టుట యను ఉద్యమమును ప్రారంభించి, వానివలన కలుగు తీవ్రమైన కీడును అయిదేండ్లలో సగమునకు తగ్గింపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఈ సమస్య ఎంత పెద్దదో దీనినిబట్టి తెలియుచున్నది.

మఱి ఈ లెక్కను నేర్పుట యెట్లు? చిరకాలము నడచిన పద్ధతి యిది. ఉపాధ్యాయిని నల్లబల్లమీద సూత్రము వ్రాయును. పిల్లలు దానిని కంఠస్థము చేసి, పుస్తకములోని ఇరువది లెక్కలు చేసి, పరీక్షలో మార్కులు తెచ్చుకొందురు. తరువాత వార్డులో అడుగుపెట్టి, చేతికి బుడ్డి రాగానే తత్తఱపడుదురు. పుస్తకములో ప్రమాణము, ఫలము, ఇచ్ఛ మూడును ఏర్చి యిత్తురు. వార్డులో వానిని ఎవరును ఏర్చి యీయరు. ఒకటి చీటిలో నుండును, ఒకటి బుడ్డిమీద చిన్న అక్షరములలో నుండును, ఒకటి బిడ్డను తూచి తెలిసికొనవలెను.

ఈ విషయమున బ్రిటనులో మంచి పరిశోధన జరిగినది. సీలియా హోయిల్స్, రిచర్డ్ నోస్, స్టెఫానో పోజ్జి అను పండితులు చిన్నపిల్లల వార్డులో అనుభవజ్ఞులైన నర్సులు మందు లెక్కకట్టు విధమును దగ్గఱనుండి గమనించి 2001లో ప్రకటించిరి. ఆ నర్సులు బడిలో నేర్చిన సూత్రమును మంచమువద్ద అంతగా వాడుట లేదు. ఈ మందు బుడ్డిలో ఇన్ని మిల్లీగ్రాములకు ఇన్ని మిల్లీలీటర్లు అను సంబంధమును చేతిలోని వస్తువుతో ముడిపెట్టుకొని, రెట్టింపో సగమో చేసి, సరియైన కొలతకు వచ్చుచుండిరి. వస్తువుతోపాటు వచ్చిన లెక్క వారికి నిలిచినది.

అటుపిమ్మట కీత్ వీక్స్ మొదలగు నర్సింగు ఆచార్యులు ఈ విద్యను మూడు సామర్థ్యములుగా విడదీసి 2013లో వివరించిరి. మొదటిది, చీటిని బుడ్డిని చదివి లెక్కను తానే నిలుపుకొనుట. రెండవది, దానిని తప్పు లేకుండ చేయుట. మూడవది, వచ్చిన కొలతను సిరంజిలోనో గిన్నెలోనో సరిగా తీయుట. ఈ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను రోగికి చేరునది తప్పు మందే. నల్లబల్ల నేర్పునది నడిమిది మాత్రమే. నిజమైన చీటిని, బుడ్డిని, సిరంజిని కంప్యూటరు తెరమీద చూపి మూడింటిని కలిపి సాధన చేయించు సాధనమును గూడ వారు నిర్మించిరి.

మిశ్రబోధన యను పద్ధతి ఇచ్చట అక్కఱకు వచ్చుచున్నది. ఉపదేశములో కొంతభాగము తెరద్వారా ఇంటియొద్దను, మిగిలిన భాగము తరగతిలో గురువు ఎదుటను జరుగుటయే మిశ్రబోధన. 2007 ప్రాంతమున అమెరికాలోని కొలరాడోలో ఇద్దఱు రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు తమ పాఠములను ముందుగా చిత్రించి పిల్లలకిచ్చి, తరగతి కాలమును అభ్యాసమునకు విడిచిపెట్టిరి. అప్పటినుండి ఈ త్రోవ పలుచోట్లకు వ్యాపించినది. మనకిది బొత్తిగా క్రొత్త కాదు. పూర్వము విద్యార్థి తెల్లవారుజామున ఒంటరిగా కూర్చుండి వల్లెవేసెడివాడు. గురువు ఎదుట ఒప్పచెప్పెడివాడు. గురువు ఆ ఒప్పచెప్పుటలో తప్పు పట్టి చింతన చేయించెడివాడు. వల్లెవేయు చోట ఇప్పుడు చేతిఫోను వచ్చినది. ఒప్పచెప్పు చోట గురువు గురువుగానే యుండవలెను.

మందుల లెక్కలో ఇది జరుగు విధమును చెప్పెదను. తరగతికి ముందునాటి సాయంకాలము విద్యార్థిని ఫోనులో పదినిమిషముల పాఠమును చూచును. ఒక బుడ్డి చిత్రమును పెద్దదిచేసి చూపి, ఏ అంకె దేనిని తెలుపునో చెప్పుదురు. అర్థముకానిచో వెనుకకు త్రిప్పి పదిసార్లైనను వినవచ్చును. నలుబదిమందిలో చేయెత్తి అడుగుటకు సిగ్గుపడు పల్లెటూరి పిల్లకు ఇది గొప్ప మేలు. పాఠము ముగియగానే అయిదారు ప్రశ్నలు వచ్చును. తప్పు వ్రాసిన వెంటనే ఎచ్చట తప్పెనో తెర చెప్పును. మఱునాటి యుదయమునకు ఎంతమంది మిల్లీగ్రామును మైక్రోగ్రామును తాఱుమాఱు చేసిరో ఉపాధ్యాయిని యెఱుగును. ఒక మిల్లీగ్రామునకు వేయి మైక్రోగ్రాములు గదా! ఆ దినము ఏమి చెప్పవలెనో ఆమె దానినిబట్టి నిర్ణయించుకొనును.

తరగతిలో మఱల ఉపన్యాసముండదు. బల్లలమీద ఖాళీ సీసాలు, సిరంజులు, మంచినీళ్ళు ఉండును. ఇద్దఱిద్దఱుగా కూర్చుందురు. ఒకతె చీటి చదివి, లెక్కకట్టి, సిరంజిలో నీరు తీయును. రెండవది మొదటిదాని సమాధానము వినకుండ తన లెక్క తాను కట్టి, పిమ్మట పోల్చిచూచును. ఈ నియమము ముఖ్యము. ముందుగా ఆరు అని విన్నచో రెండవ మనస్సును ఆరువైపే పోవును. సెలైను సీసా వ్రేలాడదీసి చుక్కలను గడియారముతో లెక్కింపజేయుదురు. 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటలలో పోవలెను. గొట్టము మిల్లీలీటరునకు 20 చుక్కలు విడుచును. మొత్తము 10,000 చుక్కలు, 240 నిమిషములు. నిమిషమునకు సుమారు 42 చుక్కలు. కాగితముమీద ఈ అంకె తెచ్చుట ఒకటి, చక్రమును త్రిప్పి ఆ చుక్కలను నిజముగా రప్పించుట మఱియొకటి. ఈ రెండవది ఫోను నేర్పలేదు.

లెక్కకు ముందే అంచనా వేయించుటయు తరగతి పనియే. నూటయేబది కావలెను, అయిదు మిల్లీలీటర్లలో నూటయిరువదియైదు ఉన్నది. కావున సమాధానము అయిదుకంటె కొంచెము ఎక్కువ యుండవలెను. అరవై వచ్చినచో వెంటనే చేయి ఆగవలెను. లెక్కల యంత్రమున్నదిగదా, ఈ శ్రమ యేల యని కొందఱందురు. యంత్రము తనకిచ్చిన అంకెలను గుణించునేగాని, ఆ అంకెలు ఈ బిడ్డకు చెందినవో కావో యెఱుగదు. ఒక శిశువునకు సీసాడు మందు వచ్చినను అది వెఱవదు. వెఱవవలసినది మనిషి.

అటుతరువాత వార్డులో పెద్దనర్సు కనుసన్నలలో నిజమైన మందు. కొన్ని వారములకు మఱల ఫోనులో ఆ లెక్కలే, మఱల తరగతి. ఒక్కసారి నేర్చి విడిచిన లెక్క జారిపోవును. పరీక్షయు ఇతర పరీక్షలవంటిది కారాదు. నూటికి ముప్పదియైదు వచ్చిన పిల్లవానిని నేను పై తరగతికి పంపియున్నాను. తెలుగు పద్యమున కొన్ని తప్పులు దొరలినను ఎవరి ప్రాణమును పోదు. ఈ లెక్కలో నూటికి తొంబది యనగా పదిమంది రోగులలో ఒకనికి తప్పు మందు. బ్రిటనులో 2018 నాటి ప్రమాణములు మందుల లెక్కల పరీక్షలో నూటికి నూఱు రావలెనని విధించినవి. ఆ కట్టడి న్యాయమైనదని నా యభిప్రాయము.

ఈ పద్ధతికి హద్దులును కలవు. 2020లో మహమ్మారివలన విద్యాలయములు మూతపడినపుడు పాఠములన్నియు ఫోనులలోనికి పోయినవి. నర్సింగు పిల్లలు నెలలకొలది సిరంజిని చిత్రములో చూచిరేగాని చేతబట్టలేదు. తెర యొక్కటియే చాలదని ఆ కాలము తేటతెల్లము చేసినది. మఱియు ఫోను లేని పిల్ల, ఉన్నను అన్నతమ్ములతో పంచుకొను పిల్ల, సంకేతము అందని ఊరి పిల్ల ఈ పద్ధతిలో వెనుకబడుదురు. కావున పాఠమును ముందే దింపుకొని దాచుకొను వీలు కల్పించుట, కళాశాల కంప్యూటరు గదిని సాయంకాలము తెఱచియుంచుట బోధించువారి విధి. ఆ రెండును లేనిచోట మిశ్రబోధన కలవారి పిల్లల బోధనగా మాఱును.

ఇక మన యిండ్లవారు చేయదగినది. మన పల్లెలనుండి ఎందఱో ఆడపిల్లలు రెండేండ్ల ఏ.ఎన్.ఎం., మూడేండ్ల జి.ఎన్.ఎం., నాలుగేండ్ల బి.యస్సీ. నర్సింగు చదువులకు పోవుచున్నారు. సెలవుదినమున పిల్ల ఫోను పట్టుకొని మూల కూర్చున్నచో, ఎప్పుడు చూచిన ఫోనేనా, లేచి అంట్లు తోమరాదా యని కసరుట మన యిండ్లలో కలదు. ఫోనులో కాలము వ్యర్థముచేయువారు లేకపోలేదు. అందుచేత ఏమి చూచుచున్నావమ్మా యని ప్రక్కన కూర్చుండి అడుగుడు. లెక్కయైనచో ఆ గంటసేపు ఆమెను పనికి పిలువకుడు. వీలైనచో ఆ లెక్కను మీరును కట్టుడు. పురుగుమందు డబ్బాకు లెక్కకట్టిన మీకు అది రాకపోదు. మీ సమాధానమును ముందు చెప్పక, ఆమె చెప్పిన పిమ్మట పోల్చుకొనుడు. తరగతిలో రెండవ పిల్ల చేయు పనిని ఇంటిలో మీరు చేసినవారగుదురు.

ఆసుపత్రికి పోయినపుడు గూడ కొన్ని జాగ్రత్తలు మన చేతిలో నున్నవి. బిడ్డ బరువును తూపించి అంకెను గుర్తుంచుకొనుడు. నర్సు మందు తీయుచుండగా మంచము ఎప్పుడిత్తురు, డాక్టరెప్పుడు వచ్చునని ప్రశ్నింపకుడు. ఆ రెండు నిమిషములు ఆమె మనస్సు అంకెలమీద నుండవలెను. మందుసీసాతో ఇచ్చు కొలతగిన్నెను పాఱవేసి వంటింటి గరిటెతో మందు పోయకుడు. ఇన్సులిన్ వాడువారు బుడ్డిమీద నలుబది యున్నదో నూఱున్నదో చదివించుకొని, దానికి తగిన రంగుమూత సిరంజినే కొనుడు.

త్రైరాశికము పదునైదువందల యేండ్లుగా మన దేశమున నున్నది. ధాన్యమును, బంగారమును, వడ్డీని దానితోనే కొలిచితిమి. అక్కడ తప్పు వచ్చినచో రూపాయలలో సరిపెట్టుకొంటిమి. నర్సు చేతిలో తప్పిన కొలతను మఱునాడు తెచ్చి సరిచేయుటకు వీలులేదు. కనుక తప్పులన్నియు నీళ్ళ సిరంజితో తరగతిలోనే జరిగి, అక్కడనే తీరిపోవలెను. అందుకు కాలము కావలెను. ఆ కాలమును ఉపాధ్యాయినికి మిగుల్చుటకే ఫోనులోని పాఠము. సాయంకాలము ఒక గంట ఆ పిల్లకు మిగుల్చుట మన వంతు.